తోటకూరకూ మాత్రకూ పాత తగాదా

గొడ్లున్న ఇంట్లో పెరిగినదాన్ని. వానకు తడిసిన వామిలోంచి పీకిన గడ్డి బూజు పట్టి ఉంటే మా నాన్న దాన్ని దూడ ముందు పడనిచ్చేవాడు కాదు. మా ఆయన రోజూ రాత్రి వేసుకునే రక్తం పల్చబడే మాత్రకు మూలం అలాంటి గడ్డేనని చదివినప్పుడు నాకు వింతగా అనిపించలేదు. కీళ్ల జ్వరంతో చిన్నప్పుడే పాడైన గుండె వాల్వు తీసి లోహపు వాల్వు వేశారు ఆయనకి. దాని మీద రక్తం గడ్డకట్టకుండా ఈ మాత్ర జీవితాంతం వాడాలి.

1920ల్లో కెనడాలోనూ, అమెరికా ఉత్తర రాష్ట్రాల్లోనూ పశువులు అంతుపట్టకుండా చచ్చిపోయేవి. కొమ్ములు కోసినా, చిన్న గాయమైనా కారిన రక్తం ఆగేది కాదు. వాటి మేత స్వీట్ క్లోవర్ అనే పచ్చిరొట్ట మొక్క ఎండుగడ్డి. ఫ్రాంక్ షోఫీల్డ్ అనే పశువైద్య నిపుణుడు ఒకే వామిలోంచి మంచి కాడలూ, చెడిన కాడలూ ఏరి వేరు చేసి రెండు కుందేళ్లకు పెట్టాడు. చెడిన కాడలు తిన్న కుందేలు రక్తస్రావంతో పోయింది. ఆ గడ్డి పారేస్తే సరిపోయేది. కానీ చేతిలో డబ్బులు లేని రోజుల్లో వామి పారేసి మేత కొనే స్తోమత ఏ రైతుకుంది?

1933 ఫిబ్రవరిలో విస్కాన్సిన్ రైతు ఎడ్ కార్ల్‌సన్ మంచు తుపానులో సుమారు 300 కిలోమీటర్లు బండి తోలుకుని మాడిసన్ వెళ్లాడు. బండిలో చచ్చిన పెయ్య, 45 కిలోల గడ్డి, పాల క్యాను నిండా గడ్డకట్టని రక్తం. అక్కడి విశ్వవిద్యాలయంలో కార్ల్ పాల్ లింక్ అనే రసాయన శాస్త్రవేత్త ఆ రోజు చెప్పగలిగింది ఇంతే: ఆ గడ్డి వెయ్యకు, కుదిరితే మంచి పశువు రక్తం ఎక్కించు. రైతు వెళ్లిపోయాడు గానీ క్యాను లింక్‌ని వదల్లేదు. ఆరేళ్లు తవ్వగా తవ్వగా 1939లో ఆయన బృందం ఆ విషాన్ని స్ఫటికాలుగా పట్టుకుంది. అదే డైకుమరాల్. క్లోవర్‌కి కమ్మటి వాసననిచ్చే కుమరిన్‌ని బూజు అలా మార్చేస్తుంది.

అదే 1939లో ఇంకో సంగతి జరిగింది. కొవ్వు తీసేసిన దాణా తిన్న కోడిపిల్లలు రక్తం కారి చస్తున్నాయని డెన్మార్క్‌లో హెన్రిక్ డామ్ అంతకు పదేళ్ల ముందే గమనించాడు. వాటికి కొరవడిన విటమిన్ కె-ని ఇప్పుడు అల్ఫాల్ఫా నుంచి శుద్ధంగా తీశారు. అంటే మన పాడిరైతులు వేసే లూసర్న్ గడ్డి. ఈ పనికి డామ్‌కీ, ఎడ్వర్డ్ డోయిసీకీ 1943 నోబెల్ బహుమతి వచ్చింది. గడ్డకట్టించేదీ పశువుల మేతలోంచే, కట్టనివ్వనిదీ పశువుల మేతలోంచే. క్లోవరూ, లూసర్నూ, మన మెంతికూరా వృక్షశాస్త్రం లెక్కలో దగ్గరి చుట్టాలు కూడా.

లింక్ ప్రయోగశాలలో తయారైన వార్ఫరిన్ 1948లో ఎలుకల మందుగా బజారుకొచ్చింది. 1951లో ఒక అమెరికన్ సైనికుడు ప్రాణం తీసుకుందామని దాన్ని మింగాడు. విటమిన్ కె ఇస్తే బతికి బయటపడ్డాడు. విరుగుడు చేతిలో ఉందని వైద్యులకు ధైర్యం వచ్చింది. 1954లో మనుషులకు అనుమతించారు. మరుసటి ఏడాది గుండెపోటు వచ్చిన అమెరికా అధ్యక్షుడు ఐజెన్‌హోవర్‌కీ ఇచ్చారు. మన దగ్గర వాల్వు మార్పించుకున్నవాళ్లు చాలామంది వాడే అసినోకుమరాల్ కూడా ఆ వంశానిదే.

పేరుకి పల్చబడే మాత్రే గానీ అది రక్తంలో నీళ్లు కలపదు. గడ్డకట్టించే పదార్థాలు తయారు చేయడానికి కాలేయానికి విటమిన్ కె కావాలి. వాడిన విటమిన్‌ని మళ్లీ వాడుకోనివ్వకుండా మాత్ర అడ్డుపడుతుంది. మనం ఆకుకూర రూపంలో కొత్తగా పోస్తుంటే ఆ అడ్డు బలహీనపడుతుంది. సైనికుణ్ని బతికించిన విరుగుడే తోటకూర పప్పులోనూ ఉంది. ఆపరేషన్ అయ్యాక చూడ్డానికొచ్చిన చుట్టాలంతా "ఆకుకూరలు పూర్తిగా మానిపించమ్మా" అనడం వెనక కథ ఇదీ.

మానిపించలేదు. మందు మోతాదుని తిండికి సరిపెట్టడం డాక్టరుగారి పని, తిండిని ఒక తీరున ఉంచడం నా పని అని ఆయనే విడమరిచి చెప్పారు. అసలు తినని మనిషి పెళ్లిభోజనంలో ఒక్కసారిగా గిన్నెడు పాలకూర పప్పు తింటేనే ఎక్కువ తేడా. అందుకే మా వంటింట్లోకి తక్కెడ వచ్చింది. వంద గ్రాముల పచ్చి పాలకూరలో సుమారు 480 మైక్రోగ్రాముల విటమిన్ కె, తోటకూరలో వెయ్యి పైనే, క్యాబేజీలో 76, వంకాయలో నాలుగు కూడా ఉండదు. ఆకు పచ్చిగా ఉన్నప్పుడే తూస్తాను. ఉడికాక కట్టెడు ఆకు గరిటెడవుతుంది గానీ అందులోని విటమిన్ ఎక్కడికీ పోదు. నూనె కూడా మార్చను. వేరుశెనగ నూనెలో ఈ విటమిన్ ఉందంటే ఉంది, సోయా నూనెలో మాత్రం దండిగా ఉంటుంది. ఆకు వండని రోజుల్లో గుత్తివంకాయ, బంగాళాదుంప వేపుడు. వాటికి తూకం అక్కర్లేదు.

ఈ నిలకడ పట్టిచూపే కొలత కూడా ఆలస్యంగానే వచ్చింది. రక్తం ఎంతసేపటికి గడ్డకడుతుందో చూసే పరీక్ష 1935 నాటిది. అయితే వాడే రసాయనాన్ని బట్టి ఒకే రక్తానికి ఒక్కో ల్యాబులో ఒక్కో అంకె వచ్చేది. ఆ తేడాలు సరిచేసే ఐఎన్ఆర్ పద్ధతిని ప్రపంచ ఆరోగ్య సంస్థ 1983లో తెచ్చింది. తెనాలిలో చేయించినా, హైదరాబాదులో మా అబ్బాయి దగ్గర చేయించినా ఇప్పుడు అంకెల్ని పక్కపక్కన పెట్టి చూడొచ్చు.

ఆషాఢంలో మునగాకు తినాలన్నది మా అత్తగారి ఆనవాయితీ. డాక్టరుగారికి ముందే చెప్పి, ఆ వారం తోటకూర వంతు దానికిస్తాను. "ఇంకో గరిటె వెయ్యవోయ్, పండగే కదా" అంటారు ఈయన. "పండగ మీకండీ, మాత్రకి కాదు" అని గిన్నె మీద మూత పెట్టేస్తాను.