కుమ్హారి మీదుగా వెళ్ళని దారి

సంక్రాంతికి మా ఇంట్లో పెద్ద గొడవ జరిగింది. ఆస్తి గొడవ కాదు, అగ్గిపుల్లల గొడవ.

మేముండేది కుమ్హారిలో. రాయపూర్ నుంచి దుర్గ్ వెళ్ళే దారిలో చిన్న స్టేషన్. పేరు వింటే మనకి కుమ్మరి గుర్తుకొస్తాడు. మా పూర్వీకులది శ్రీకాకుళం వైపు. నాన్న భిలాయి ఉక్కు కర్మాగారంలో రైలు పట్టాలు తయారుచేసే మిల్లులో పనిచేసి రిటైరయ్యాడు. అందుకే మా ఇంట్లో రైళ్ళ గురించి అందరూ నిపుణులే.

పండక్కి అక్క, బావ, మేనల్లుడు వచ్చారు. మేనల్లుడు హైదరాబాదులో స్నేహితుల దగ్గర 'టికెట్ టు రైడ్' అనే ఆట నేర్చుకున్నాడు. అలన్ మూన్ అనే ఆయన తయారుచేశాడు, 2004లో వచ్చింది, ఆ ఏడాదే జర్మనీలో ఉత్తమ ఆటగా బహుమతి కొట్టింది. మ్యాప్ మీద ఊళ్ళు, ఊళ్ళ మధ్య రైలు దారులు ఉంటాయి. ఒక్కొక్కరికీ 45 చిన్న బోగీలు ఇస్తారు. దారులు ఆక్రమించుకుంటూ పోవాలి. చివర్లో ఎవరి దారి తెగకుండా అందరికన్నా పొడవుగా ఉంటే వాళ్ళకి 10 పాయింట్లు అదనం. ఆ దారి ఒకే ఊరు గుండా ఎన్నిసార్లయినా పోవచ్చు, కానీ ఒక బోగీని రెండోసారి లెక్కపెట్టకూడదు. గొడవంతా ఈ ఒక్క నిబంధన దగ్గరే.

విదేశీ పెట్టె కొనేంత డబ్బు దానిమీద పెట్టడం దండగనిపించి, చార్టు కాగితం మీద మన మ్యాపే గీశాం. బోగీల బదులు అగ్గిపుల్లలు. సుమారు 50 కిలోమీటర్లకి ఒక పుల్ల, కొంచెం అటూ ఇటూ. కాగితంలో పట్టక అరకు లైను, కటక్ లైను, సికింద్రాబాద్, కట్నీ అన్నీ వదిలేశాం. మిగిలిన దారులు ఇవి. రాయపూర్ నుంచి కుమ్హారి, దుర్గ్ మీదుగా గోండియాకి 3 పుల్లలు. గోండియా నుంచి బల్లార్షాకి తిన్నగా 5, ఇది ఒకప్పుడు నేరోగేజ్. అదే నాగపూర్ మీదుగా వెళ్తే 3, 4, మొత్తం 7. బల్లార్షా నుంచి కాజీపేటకి 5, అక్కణ్ణుంచి బెజవాడకి 4, విశాఖ మీదుగా విజయనగరానికి 8, రాయగడ మీదుగా టిట్లాగఢ్‌కి 5. టిట్లాగఢ్ నుంచి రాయపూర్‌కి తిన్నగా 4. లేదా రాయపూర్ నుంచి బిలాస్‌పూర్ మీదుగా ఝార్సుగుడకి 6, అక్కణ్ణుంచి సంబల్‌పూర్ మీదుగా టిట్లాగఢ్‌కి 5. అన్నీ కలిపితే 52.

ఆట అయిపోయాక మేనల్లుడు అడిగాడు. "మావయ్యా, ఈ లైన్లన్నీ ఒకడివే అయితే, వాడి పొడవైన దారి ఎంత?"

"అన్నీ వాడివే అయితే 52. దానికి ఆలోచనెందుకురా?" అన్నాడు బావ.

"గీసి చూపించండి బావా," అన్నాను.

బావ అరగంట గీశాడు. ఎన్నిసార్లు గీసినా ఏదో ఒక లైను మిగిలిపోతోంది. చివరికి గోండియాలో బయలుదేరి, తిన్నగా బల్లార్షా వెళ్ళి, నాగపూర్ మీదుగా మళ్ళీ గోండియాకొచ్చి, మన కుమ్హారి మీదుగా రాయపూర్, ఝార్సుగుడ, టిట్లాగఢ్, విజయనగరం, బెజవాడ చుట్టి బల్లార్షాలో దిగాడు. రాయపూర్-టిట్లాగఢ్ తిన్నని లైను ఒక్కటి మిగిలింది. 48 పుల్లలు. "ఇంతకు మించి రాదు. ముప్పై ఏళ్ళుగా ఈ లైన్లలో తిరుగుతున్నాను, నాకు తెలీదా?" అన్నాడు.

ముప్పై ఏళ్ళు తిరిగినందువల్ల 48 కన్నా పెద్ద దారి లేకుండా పోతుందా? ఈ మాట నేను పైకి అనలేదు. పండగ పూట బావని ఎదిరించడం ఎందుకని కాదు. పక్కనే అమ్మ పుల్లలు ఏరుతూ కూర్చుని ఉంది. నాకు పలక గుర్తొచ్చింది.

నాకు తొమ్మిదేళ్ళప్పటి సంగతి. అక్కకి మూర్ఛలు వచ్చేవి. డాక్టరు మాత్రలు రాసిచ్చాడు, వాటితో తగ్గింది కూడా. ఈలోగా మా క్వార్టర్స్‌కి ఒక స్వామి వచ్చాడు. పలక మీద చతురస్రం, అందులో రెండు ఐమూలలు, పైన త్రిభుజంలా శిఖరం గీసి చూపించేవాడు. గోపుర యంత్రం అట. చెయ్యి ఎత్తకుండా, గీసిన గీత మీద మళ్ళీ గీయకుండా అది గీస్తే ఇంట్లో దోషం లేనట్టు. గీయలేకపోతే ఉన్నట్టు. శుభం గనక శిఖరం దగ్గరే మొదలుపెట్టాలి. అమ్మ మూడుసార్లు ప్రయత్నించింది. మూడుసార్లూ ఒక గీత మిగిలిపోయింది. అప్పుడాయన కళ్ళు మూసుకుని, ఎడమవైపు కింది మూల నుంచి మొదలుపెట్టి ఒక్క ఊపులో గీసేశాడు. గురువు అనుమతి ఉన్నవాడు పునాది నుంచి గీయొచ్చట. 51 రూపాయలు, 21 రోజుల పూజ, ఆ 21 రోజులూ మందులు బంద్. పన్నెండో రోజు అక్క వరండాలో పడిపోయింది. గడ్డం కింద నాలుగు కుట్లు. ఆ మచ్చ ఇప్పటికీ ఉంది. ఇంత జరిగినా అమ్మ ఏళ్ళ తరబడి అనుకున్నది ఒక్కటే: ఆ స్వామి మోసగాడని కాదు, తాను గీయలేకపోయింది కాబట్టి దోషం తనదేనని.

ఇంటర్ చదివేటప్పుడు ఒక రష్యన్ గణిత పుస్తకం నా చేతికొచ్చింది. భిలాయి రష్యా సాయంతో కట్టిన ఫ్యాక్టరీ కాబట్టి అలాంటి పుస్తకాలు మాకు చవగ్గా దొరికేవి. అందులో కోనిగ్స్‌బర్గ్ వంతెనల కథ చదివాక ఆ పలక రహస్యం తెలిసింది.

కోనిగ్స్‌బర్గ్ ఇప్పుడు రష్యాలో ఉంది, పేరు కలినిన్‌గ్రాడ్. ప్రెగెల్ నది ఆ ఊరిని నాలుగు ముక్కలుగా చీలుస్తుంది. అప్పట్లో వాటిని కలుపుతూ 7 వంతెనలు ఉండేవి. ఏ వంతెనా రెండుసార్లు దాటకుండా అన్నీ తిరిగి రాగలమా అన్నది ఊరివాళ్ళ కాలక్షేపం. ఎవరివల్లా కాలేదు. అయితే 'ఎవరివల్లా కాలేదు' అన్నది వేరు, 'ఎవరివల్లా కాదు' అన్నది వేరు. మొదటిది అనుభవం, రెండోది రుజువు. ఆ రుజువు ఇచ్చినవాడు లియొనార్డ్ ఆయిలర్, 1735లో, పీటర్స్‌బర్గ్ అకాడమీలో. డాన్‌జిగ్ మేయరుకి రాసిన ఉత్తరంలో, దీనికి గణితంతో పెద్దగా సంబంధం లేదు, తర్కం ఒక్కటే చాలు, దీన్ని గణిత పండితుల దగ్గరికే ఎందుకు తెస్తారో అన్న ధోరణిలో రాశాడు కూడా.

ఆ తర్కం ఎవరికైనా అర్థమవుతుంది. ఒక కూడలికి వచ్చినవాడు అక్కణ్ణుంచి వెళ్ళాలి. రావడానికి ఒక దారి, వెళ్ళడానికి ఒక దారి. అంటే దారులు జతలు జతలుగా ఖర్చవుతాయి. కూడలిలో దారుల సంఖ్య బేసి అయితే ఒక దారి ఒంటరిగా మిగులుతుంది. కాబట్టి ప్రయాణం అక్కడ మొదలవ్వాలి, లేదా అక్కడ ముగియాలి. ప్రయాణానికి మొదలు ఒకటే, చివర ఒకటే. బేసి కూడళ్ళు రెండుకు మించితే అన్ని దారులూ ఒక్కసారిలో పూర్తి కావు. కోనిగ్స్‌బర్గ్‌లో నాలుగు ముక్కలూ బేసే: 5, 3, 3, 3.

ఇప్పుడు గోపురం చూడండి. శిఖరం దగ్గర 2 గీతలు. పై మూలల్లో నాలుగేసి. కింది మూలల్లో మూడేసి. బేసివి ఆ కింది రెండే. అక్కడ మొదలుపెడితే ఎవరైనా గీయగలరు. శిఖరం దగ్గర మొదలుపెడితే బ్రహ్మదేవుడు కూడా గీయలేడు. స్వామి పెట్టిన షరతులోనే ఓటమి ఉంది. ఆయనకి ఆయిలర్ పేరు తెలిసి ఉండదు, కానీ ఎక్కడ మొదలుపెట్టాలో మాత్రం బాగా తెలుసు.

మెలికల ముగ్గులు చూసినవాళ్ళకి ఇందులో వింతేమీ కనపడదు. గీతలు ఒకదాన్నొకటి దాటినచోట నాలుగేసి కొసలు ఉంటాయి, అన్నీ సరిసంఖ్యలే. మా అమ్మమ్మ రోజూ గుమ్మంలో చెయ్యి ఎత్తకుండా వేసేది. దానికి ఎవరి దగ్గరా 51 రూపాయలు తీసుకోలేదు.

ఒక చిన్న మాట. ఆయిలర్ నాస్తికుడు కాదు, గట్టి క్రైస్తవుడు. ఆయన ఏదో బీజగణిత సూత్రం చెప్పి, కాబట్టి దేవుడున్నాడు అనగానే దిదెరో నోరెత్తలేక పారిపోయాడని ఒక కథ ఉంది. చరిత్రకారులు దాన్ని నమ్మరు. దిదెరో 1748లోనే గణితం మీద పుస్తకం వేసినవాడు, బీజగణితానికి బెదిరే మనిషి కాదు. ఆయిలర్ విశ్వాసం వంతెనల రుజువుని బలపరచదు, బలహీనపరచదు.

పైగా ఆయిలర్ సగమే రుజువు చేశాడు. బేసి కూడళ్ళు రెండుకు మించితే కుదరదన్నది ఆయనది. అవి రెండో, అసలు లేకుండానో ఉండి, అన్నీ కలిసి ఉంటే తప్పకుండా కుదురుతుందన్నది తేలిగ్గా తీసేసి వదిలేశాడు. దాన్ని పూర్తిగా రుజువు చేసిన కార్ల్ హీర్‌హోల్జర్ అచ్చులో చూసుకోకుండానే చనిపోయాడు. ఆయన చెప్పింది గుర్తుపెట్టుకుని సహచరులు రాసి 1873లో వేశారు. అంత పెద్దవాడు తేలికన్న మాటకి రుజువు అచ్చులోకి రావడానికి 130 ఏళ్ళు దాటింది. కోనిగ్స్‌బర్గ్ సమస్యని చివరికి పరిష్కరించినవి బాంబులు. రెండో ప్రపంచయుద్ధంలో రెండు వంతెనలు కూలిపోయాయి. మిగిలినవాటిని ఒక్కోసారి దాటుతూ నడవొచ్చు.

మా చార్టు కూడా కోనిగ్స్‌బర్గే. నాగపూర్, కాజీపేట, బెజవాడ, విజయనగరం, ఝార్సుగుడ: అన్నిటికీ రెండేసి దారులు. రాయపూర్, గోండియా, బల్లార్షా, టిట్లాగఢ్: వీటికి మూడేసి. నాలుగు బేసి కూడళ్ళు. అందుకే 52 రాదు. బావ అరగంట గీయనక్కర్లేదు, అర నిమిషం లెక్కపెడితే చాలు.

మరి ఎంత వస్తుంది? ఏదో ఒకటి వదలాలి. చార్టులో అన్నిటికన్నా చిన్న ముక్కలు 3 పుల్లలవి. కాబట్టి 49కి మించి ఎవడూ చూపించలేడు. ఇది పై హద్దు. ఇక 49 నిజంగా వస్తుందా అన్నది వేరే ప్రశ్న. మేనల్లుడు గోండియా-నాగపూర్ ముక్క తీసేశాడు. కుదరలేదు. గోండియా సరి అయింది గానీ, ఇప్పటిదాకా సరిగా ఉన్న నాగపూర్ బేసి అయి కూర్చుంది. దోషం పోలేదు, ఊరు మారిందంతే. స్వాముల పరిహారాలు కూడా ఇలాగే ఉంటాయి.

3 పుల్లల ముక్క ఇంకొకటే ఉంది. రాయపూర్-గోండియా. మా ఇంటి ముందు నుంచి పోయే లైను.

వాడు కాసేపు గుటకలు మింగి దాన్ని తీశాడు. బల్లార్షాలో బయలుదేరాడు. గోండియా, నాగపూర్, మళ్ళీ బల్లార్షా, 12. కాజీపేట, బెజవాడ, విజయనగరం, టిట్లాగఢ్, ఇంకో 22. రాయపూర్, ఝార్సుగుడ, తిరిగి టిట్లాగఢ్, 15. మొత్తం 49. పై హద్దు 49, చూపించింది 49. ఇక వాదన లేదు.

బావ ముఖం చూడాలి. "మెయిన్ లైను వదిలేసి పొడవైన దారేంట్రా? హౌరా నుంచి బొంబాయి వెళ్ళే బళ్ళు చాలా దీనిమీదే కదా పోతాయి!" నిజమే. 1887లో పుట్టిన బెంగాల్ నాగపూర్ రైల్వే ముందు చేసిన పని, ఇక్కడి పాత మీటర్‌గేజ్ లైనుని బ్రాడ్‌గేజ్ చేసి కలకత్తా వైపుకి కలపడమే. 1891 నాటికి అది కుదిరింది. మన ఉత్తరాంధ్ర వాళ్ళని ఇక్కడికి చేర్చిన రాయపూర్-విజయనగరం లైను 1931 దాకా పూర్తి కాలేదు. దాని వెనకే 1933లో విశాఖ రేవు. ఎవరికి ఏ లైను ముఖ్యమో చరిత్ర చెబుతుంది. బేసి కూడళ్ళకి అది తెలీదు. 48 దగ్గర బావ ఆగిపోవడానికి కారణం కూడా అదే అనుకుంటాను. సొంత లైను వదలొచ్చన్న ఆలోచనే ఆయనకి రాలేదు.

చిన్న చార్టు కాబట్టి ఇంత తేలిగ్గా తేలింది. దేశం మొత్తం మ్యాప్ మీద ఇదే ప్రశ్న వేస్తే కంప్యూటర్లకి కూడా కష్టం. బేసి కూడళ్ళు లెక్కపెట్టడం ఎప్పుడూ తేలికే. కానీ ఏ ముక్కలు వదలాలో ఎంచుకోవాలి, వదిలాక మిగిలింది రెండుగా తెగిపోకూడదు. అక్కడ చిక్కుంది. ఊళ్ళన్నీ ఒక్కోసారే చూసి రావడం అన్న దగ్గరి చుట్టం లాంటి సమస్యని 1972లో రిచర్డ్ కార్ప్ తన 21 కఠిన సమస్యల్లో చేర్చాడు. వీటికి వేగంగా పరిష్కారం ఇచ్చే పద్ధతి ఇప్పటికీ ఎవరూ కనిపెట్టలేదు, ఉండదని కూడా ఎవరూ రుజువు చెయ్యలేదు. ఎవరైనా ఒక దారి గీసి, పొడవు ఇంత అంటే మాత్రం పుల్లలు లెక్కపెట్టి తేల్చుకోవచ్చు. అది చిన్నపిల్లవాడైనా చేస్తాడు.

బావ ఓడిపోవడానికి ఇష్టపడలేదు. "నాకు సర్క్యులర్ టికెట్ లెక్క చెప్పు," అన్నాడు. బయలుదేరిన స్టేషన్‌కే తిరిగొచ్చేలా రైల్వేవాళ్ళిచ్చే టికెట్ అది. మంచి ప్రశ్న. మొదలూ చివరా ఒకటే కావాలంటే ఒక్క బేసి కూడలి కూడా ఉండకూడదు. గోండియా-బల్లార్షా తిన్నని లైను, రాయపూర్-టిట్లాగఢ్ తిన్నని లైను, రెండూ వదలాలి. 43 వస్తుంది. అందులో కుమ్హారి ఉంది. కుమ్హారి లైను తీసేస్తే నాగపూర్ చుట్టూ 12, లేదా సంబల్‌పూర్ చుట్టూ 15, అంతే. బావ శాంతించి చేగోడీలు అందుకున్నాడు.

రాత్రి అందరూ పడుకున్నాక అమ్మ చార్టు వెనక్కి తిప్పి పెన్సిల్ తీసుకుంది. చతురస్రం, ఐమూలలు, శిఖరం. పక్కన ఇంకోటి. ఎడమవైపు కింది మూల నుంచి మొదలుపెట్టి, మెల్లగా, చెయ్యి ఎత్తకుండా గీసింది. కుడివైపు కింది మూలలో ఆగింది. మళ్ళీ కుడి నుంచి మొదలుపెట్టి ఎడమ మూలలో ఆగింది.

"అక్కని లేపు," అంది. "దానికి చూపించాలి."