సైకిలు నుంచి సియాచిన్ దాకా: వర్క్‌మన్ దంపతుల యాత్రా చరిత్ర

పందొమ్మిదో శతాబ్దం చివరి పాతికేళ్లలో అమెరికా, పశ్చిమ ఐరోపా దేశాల సంపన్న కుటుంబాలకు ఆరుబయట తిరగడం కేవలం కాలక్షేపంగా మిగలలేదు. రైళ్లు కొండల పాదాల దాకా చేరాయి, పట్నపు పొగకు దూరంగా పోయి కొండగాలి పీల్చమని వైద్యులు సలహా ఇవ్వసాగారు, పర్వతారోహణకు సంఘాలు వెలిశాయి. దాంతో నడక, సైకిలు, కొండలెక్కడం వంటి వ్యాపకాలు వ్యాయామంగానూ, చికిత్సగానూ, విజ్ఞాన సేకరణకు మార్గంగానూ ఒకే కాలంలో రూపుదిద్దుకున్నాయి. ఆ మూడింటినీ తమ దాంపత్య జీవితంలో కలిపి నడిపినవారు మసాచుసెట్స్ రాష్ట్రంలోని ఉస్టర్ నగరానికి చెందిన ఫానీ బుల్లక్ వర్క్‌మన్, విలియం హంటర్ వర్క్‌మన్. పర్వతారోహణ చరిత్ర చదివేవారికి తప్ప వారి పేర్లు నేడు పెద్దగా తెలియవు గానీ, సియాచిన్ ఉత్తరపు కొసన భారత సైన్యం కాపలా కాసే ఇందిరా కోల్ అనే కనుమకు 1912లో ఆ పేరు పెట్టింది వారే. అది లక్ష్మీదేవికి ఉన్న పేర్లలో ఒకటి. తర్వాతి కాలంలో ప్రధాని అయిన ఇందిరా గాంధీ అప్పటికింకా పుట్టనే లేదు.

ఫానీ 1859లో జన్మించారు. ఆమె తండ్రి అలెగ్జాండర్ హామిల్టన్ బుల్లక్ మసాచుసెట్స్ గవర్నరుగా పనిచేసినవారు. విలియం ఆమెకంటే సుమారు పన్నెండేళ్లు పెద్ద, హార్వర్డులో వైద్యం చదివి, మ్యూనిక్‌లో పైశిక్షణ పొందిన వైద్యుడు. పెళ్లయిన తర్వాత భార్యను న్యూ హాంప్‌షైర్‌లోని వైట్ మౌంటెన్స్‌కు తీసుకువెళ్లి కొండలెక్కడం అలవాటు చేసింది ఆయనే. అక్కడి 6,288 అడుగుల మౌంట్ వాషింగ్టన్ శిఖరాన్ని ఆమె పలుమార్లు ఎక్కారు. లండన్‌లోని ఆల్పైన్ క్లబ్బు స్త్రీలను 1974 దాకా సభ్యులుగా చేర్చుకోలేదు. 1876లో బోస్టన్‌లో ఏర్పడిన అపలాచియన్ మౌంటెన్ క్లబ్బు మాత్రం మొదటినుంచీ స్త్రీలకు తలుపులు తెరిచి ఉంచింది కాబట్టి, న్యూ ఇంగ్లండు ప్రాంతంలో కొండెక్కే స్త్రీ వింతగా కనిపించేది కాదు. ఫానీ స్థైర్యానికి ఆమె స్వభావం ఎంత కారణమో, ఆ ప్రాంతపు అలవాటు కూడా అంతే కారణమని చెప్పాలి.

1889లో విలియం అనారోగ్యం వల్ల వైద్యవృత్తి మానుకోవడంతో కుటుంబం జర్మనీకి తరలిపోయింది. అక్కడికి చేరగానే ఆయన ఆశ్చర్యం కలిగించేంత త్వరగా కోలుకోవడం చూసి, అనారోగ్యం ఒక సాకు మాత్రమేనని భావించిన చరిత్రకారులు ఉన్నారు. ఆ అభిప్రాయంలో కొంత నిజం ఉండవచ్చు గానీ, విశ్రాంతి కంటే ఎడతెగని శ్రమలోనే ఆరోగ్యం ఉందన్న నమ్మకాన్ని ఆయన జీవితాంతం ఆచరించారన్నది, దాదాపు తొంభై ఏళ్లు బతికారన్నది కూడా అంతే నిజం. 1893లో వారి కొడుకు సీగ్‌ఫ్రీడ్ నాలుగేళ్ల ప్రాయంలోనే ఇన్‌ఫ్లుయెంజా, న్యుమోనియాలతో మరణించాడు. ఆ తర్వాత దంపతుల ప్రయాణాలు మరింత దూరం, మరింత దీర్ఘం అయ్యాయి. అతనికంటే పెద్దదైన కూతురు రేచెల్ దాదుల సంరక్షణలోనూ, వసతి బడులలోనూ పెరిగింది. ఈ నిర్ణయాన్ని ఆనాటివారు తల్లి విషయంలో తప్పుపట్టినట్టు తండ్రి విషయంలో పట్టలేదు.

వారి తొలి వాహనం సైకిలు. ముందు చక్రం మనిషెత్తున ఉండే పాత సైకిలు స్థానంలో, రెండు సమాన చక్రాలతో, గొలుసుతో నడిచే రోవర్ సైకిలును జె. కె. స్టార్లీ 1885లో తయారుచేయగా, 1888లో డన్‌లప్ గాలి టైరును రూపొందించారు. ఈ రెండూ కలిసిన తర్వాతే గౌను తొడుక్కున్న స్త్రీ కూడా రోజుకు డెబ్బై కిలోమీటర్లు తొక్కడం సాధ్యమైంది. అల్జీరియా మీద 1895లో, స్పెయిన్ మీద 1897లో వర్క్‌మన్ దంపతులు ప్రచురించిన గ్రంథాలు ఈ కొత్త వాహనం మీద చేసిన యాత్రల ఫలితాలే. స్పెయిన్‌లో వారు తిరిగిన దూరం సుమారు 2,800 మైళ్లు.

1897 చివరలో మొదలైన ఆసియా యాత్ర వీటన్నిటికంటే పెద్దది. సింహళం, భారతదేశం, జావా తదితర ప్రాంతాలలో సుమారు రెండున్నరేళ్లలో 14,000 మైళ్లు తిరిగి, ఆలయాలను, శిల్పాలను ఫొటోలు తీసి, 1904లో పెద్ద గ్రంథంగా వెలువరించారు. వారు సైకిలు మీద వేసుకున్న సామాను ఎంత తక్కువో చూస్తే ఆ ప్రణాళిక విలువ తెలుస్తుంది. టీపొడి, చక్కెర, బిస్కత్తులు, జున్ను, డబ్బా మాంసం, మంచినీరు, తలగడలు, మనిషికొక కంబళి, రాతసామగ్రి, మందుల పెట్టె, సైకిలు బాగుచేసుకునే పనిముట్లు, ఇంతే. డేరా లేదు, మంచం లేదు. రాత్రి పూట డాక్ బంగళాలోనో, రైలుస్టేషను వెయిటింగు గదిలోనో పడక. ముళ్లు పరుచుకున్న దారులలో ఒక్కరోజే నలభై దాకా పంక్చర్లు పడిన సందర్భాలున్నాయంటే, ట్యూబు విప్పి, అతుకు వేసి, గాలి కొట్టే పని తొక్కడంతో సమానమైన శ్రమ అయి ఉండాలి. కలరా ప్రబలంగా ఉన్న కాలంలో నీరు మరగబెట్టి టీ కాచుకునే అలవాటు, వైద్యుడైన భర్త మోసుకొచ్చిన మందుల పెట్టెకు ఏమాత్రం తీసిపోని రక్షణ.

1898 వేసవిలో ఎండ తట్టుకోలేక సైకిళ్లు పక్కన పెట్టి పశ్చిమ హిమాలయాలకు పోవడంతో వారి జీవితం మలుపు తిరిగింది. మరుసటి ఏడు కారకోరంలోని బియాఫో హిమానీనదం మీదికి, అంటే లోయలో నదిలాగా అతి నెమ్మదిగా జారే మంచు ప్రవాహం మీదికి, మథియాస్ జుర్‌బ్రిగెన్ అనే గైడును వెంటబెట్టుకుని వెళ్లారు. 1897లో దక్షిణ అమెరికాలోని అకోన్‌కాగువా శిఖరాన్ని మొట్టమొదట ఎక్కినవాడు ఆయనే. ఫానీ ఆ వేసవిలో 18,600 అడుగుల ఒక శిఖరం ఎక్కి దానికి పోయిన కొడుకు పేరు మీద సీగ్‌ఫ్రీడ్‌హార్న్ అని పేరు పెట్టారు; సుమారు 21,000 అడుగుల కోసర్ గుంగే మీద స్త్రీల ఎత్తు రికార్డు నెలకొల్పారు. అప్పటి సరంజామా నేటి కళ్లకు చాలా తక్కువగా కనిపిస్తుంది. ఆంగ్ల పర్వతారోహకుడు మమ్మరీ రూపొందించిన చిన్న డేరాలకు గుంజలు వేరే ఉండవు, మంచు గొడ్డళ్లనే గుంజలుగా నిలబెట్టాలి. పడకకు బాతు మెత్తని ఈకలు కూరిన సంచులు. తలమీద ఎండ టోపీ. ఫానీ ఒంటిమీద మాత్రం ఉన్ని పావడా. మొదట్లో చీలమండల దాకా ఉన్న ఆ పావడాను ఆమె తర్వాతి యాత్రలలో బూట్ల పైఅంచు దాకా కురచ చేశారు. శిఖరం మీద ప్రాణం నిలవాలంటే ఏ బట్ట ఎంత పొడవు ఉండాలన్నది కూడా ఆనాడు స్త్రీకి నిర్ణయించుకోవలసిన విషయమే.

ఈ దంపతుల చరిత్రలో అన్నిటికంటే కొత్తదిగా కనిపించేది వారి పని పంపకం. ఒక యాత్రకు ఒకరు నాయకత్వం వహించి, డబ్బు, తిండి, కూలీలు, దారి, ఎక్కే రోజు వంటి ఏర్పాట్లన్నీ చూసుకుంటే, రెండోవారు కొలతలు, ఫొటోలు, వాతావరణ నమోదులు చూసేవారు. తర్వాతి యాత్రకు ఆ బాధ్యతలు తారుమారయ్యేవి. భర్త యాత్రికుడు, భార్య తోడు అన్న ఆనాటి భావానికి ఇది పూర్తిగా విరుద్ధం. 1917లో వచ్చిన సియాచిన్ గ్రంథంలో ఆ యాత్రకు బాధ్యత వహించిన నాయకురాలు తన భార్యేనని విలియం స్పష్టంగా చెప్పారు. శ్రమ పంచుకున్నవారు ఎందరో ఉంటారు. నాయకత్వాన్ని వంతులవారీగా పంచుకుని, ఆ మాట అచ్చులో ఒప్పుకున్న దంపతులు ఆ కాలంలో అరుదు.

1906లో నున్ కున్ పర్వత సమూహంలోని పినకిల్ శిఖరాన్ని ఫానీ 47వ ఏట ఎక్కారు. అక్కడి గాలి పీడనం సముద్ర మట్టంలో ఉండేదానిలో సగం కూడా ఉండదు, అందుకే ప్రతి శ్వాసతోనూ ఒంటికి అందే ప్రాణవాయువు ఆ మేరకు తగ్గిపోతుంది. తలనొప్పి, వాంతులు, ఆకలి చచ్చిపోవడం వంటి లక్షణాలతో వచ్చే ఎత్తు జబ్బు ఫానీని పెద్దగా బాధించలేదు. ఆమె నెమ్మదిగా, ఆగకుండా నడిచే మనిషి. ఆ యాత్రలో 20,000 అడుగులకు పైన డేరాలు వేసి పడుకున్నప్పుడు నిద్ర పట్టకపోవడాన్ని వారు శ్రద్ధగా గమనించి, ఇంకా పైకి పోవాలనుకునేవారికి చలి కంటే నిద్రలేమే పెద్ద అడ్డంకి కావచ్చునని సూచించారు. ఎత్తైన శిబిరాల్లో నిద్ర చెదిరిపోవడం తర్వాతి కాలపు శరీరశాస్త్రజ్ఞులు విస్తారంగా పరిశీలించిన అంశం. శిఖరం ఎత్తు తెలుసుకోవడానికి నీరు ఎంత వేడి దగ్గర మరుగుతుందో కొలిచే పరికరం వాడేవారు. పైకి పోయేకొద్దీ పీడనం తగ్గి నీరు తక్కువ వేడికే మరుగుతుంది కాబట్టి, ఆ తేడా నుంచి ఎత్తు లెక్కగట్టవచ్చు. ఆ పద్ధతిలో డిగ్రీలో చిన్న భాగం తేడా వచ్చినా వందల అడుగుల పొరపాటు జరుగుతుంది. ఫానీ 23,300 అడుగులనుకున్న పినకిల్ శిఖరం నిజానికి 22,735 అడుగులే.

ఈ సన్నద్ధతకు మరో పార్శ్వం ఉంది, దాన్ని దాటవేస్తే చరిత్ర సగమే అవుతుంది. డేరాలు, పడకసంచులు, గాజు ఫొటో పలకలు, కొలత పరికరాలు కొండమీదికి వాటంతటవే రావు. బాల్టిస్తాన్‌లో చివరి గ్రామమైన అస్కోలే దాటిన తర్వాత పైరు లేదు, ఊరు లేదు, మంచు మీద కట్టెపుల్ల కూడా దొరకదు. కాబట్టి సామాను మోసే కూలీలకు కావలసిన పిండి, కట్టెలు కూడా కూలీలే మోయాలి, ఆ పిండి మోసేవారికి మళ్లీ పిండి కావాలి. ఇలా రోజులు పెరిగేకొద్దీ మనుషుల సంఖ్య పెరుగుతుంది. బాల్టీ రైతులు తమ పొలం పనులు వదులుకుని, తోలు చెప్పులతో, చాలీచాలని బట్టలతో మంచు మీద నడిచారు. వారు పని మానుకున్నప్పుడు, పిండి బస్తాలతో వెనుదిరిగినప్పుడు, వర్క్‌మన్ దంపతులు తమ పుస్తకాలలో దాన్ని సోమరితనంగా, మోసంగా రాశారు. ఆ రాతలలో వలసపాలన కాలపు అహంకారం కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. ఎత్తున పీడనం తమ శరీరాల మీద ఎలా పనిచేసిందో అంత ఓపికగా రాసుకున్నవారు, అదే పీడనంలో బరువు మోసిన మనిషి ఎందుకు ఆగిపోయాడో అడగకపోవడం వారి విజ్ఞాన దృష్టిలో పెద్ద లోపం. 1906 నాటికి ఇటలీలోని కూర్‌మయ్యోర్ నుంచి కొందరు మోతగాళ్లను రప్పించుకుని ఆ సమస్యకు డబ్బుతో విరుగుడు చేసుకున్నారు. తొలి యాత్రలలో తయారైన వారి పటాలలోనూ తప్పులున్నాయని తర్వాతి సర్వేక్షకులు నిరూపించారు.

స్త్రీల ఎత్తు రికార్డు కోసం మరో అమెరికన్ పర్వతారోహకురాలు ఆనీ స్మిత్ పెక్‌తో ఫానీకి నడిచిన వివాదం ప్రసిద్ధమే. 1908లో పెరూలోని హువాస్కరాన్ ఎక్కిన పెక్ దాని ఎత్తు 24,000 అడుగులు ఉండవచ్చని ప్రకటించగా, ఫానీ 13,000 డాలర్లు వెచ్చించి ఫ్రెంచి ఇంజనీర్ల చేత ఆ కొండను కొలిపించి, పెక్ ఎక్కిన శిఖరం 22,000 అడుగుల లోపేనని తేల్చారు.

1911, 1912 వేసవుల సియాచిన్ యాత్ర వారి చివరి యాత్ర, అన్నిటికంటే మంచి యాత్ర కూడా. డెబ్బై కిలోమీటర్లకు పైగా పొడవున్న ఆ హిమానీనదాన్ని గ్రాంట్ పీటర్‌కిన్, సర్జన్ సింగ్ అనే సర్వేయర్ల సాయంతో పద్ధతిగా కొలిపించారు. ఈసారి తయారైన పటం నమ్మదగినది. దారిలో ఫానీకి కొద్ది అడుగుల దూరంలో నడుస్తున్న ఇటలీ మోతగాడు చెజారే షెనోజ్ మంచు కప్పిన పగులులో పడి మరణించాడు. యాత్ర ఆగలేదు. 21,000 అడుగుల ఎత్తున సిల్వర్ థ్రోన్ పీఠభూమి మీద ఫానీ, స్త్రీలకు ఓటుహక్కు కోరే ఓట్స్ ఫర్ విమెన్ పత్రికను విప్పి పట్టుకుని నిలబడగా తీసిన ఫొటో ఆ యాత్ర నుంచి మిగిలింది. అప్పటికి బ్రిటన్ పార్లమెంటు ఎన్నికల్లో స్త్రీలకు ఓటు లేదు, అమెరికాలోనూ ఆ హక్కు దేశమంతటా ఇంకా రాలేదు.

1905లో రాయల్ జియోగ్రాఫికల్ సొసైటీ సభలో ఉపన్యసించిన రెండో మహిళగా, పారిస్‌లోని సోర్బాన్‌లో ప్రసంగించిన తొలి అమెరికన్ మహిళగా గుర్తింపు పొందిన ఫానీ 1925 జనవరిలో కాన్‌లో మరణించారు. రాడ్‌క్లిఫ్, వెల్‌స్లీ, స్మిత్, బ్రిన్ మార్ అనే నాలుగు మహిళా కళాశాలలకు ఆమె మొత్తం 1,25,000 డాలర్లు రాసిచ్చారు. రేచెల్ భూగర్భ శాస్త్రజ్ఞురాలై, కాన్పూరులో పరిశ్రమలు నడిపిన అలెగ్జాండర్ మెక్‌రాబర్ట్‌ను పెళ్లాడారు. పినకిల్ శిఖరం మీద ఫానీ నెలకొల్పిన ఎత్తు రికార్డును 1934లో అదే కారకోరంలో, సియాచిన్‌ను ఆనుకుని ఉన్న సియా కాంగ్రి మీద హెట్టీ డిరెన్‌ఫర్త్ దాటారు. ఆమె కూడా భర్త గుంటర్‌తో కలిసి యాత్ర చేసినవారే. 1936 బెర్లిన్ ఒలింపిక్స్‌లో పర్వతారోహణకు ఇచ్చిన బహుమతి భార్యాభర్తలిద్దరి పేర్ల మీదా వెలువడింది.