సాదా పాఠ్యంలో ఆధార సూచన: రెఫర్ నుంచి ఆర్గ్ మోడ్ వరకు

లక్ష్యాలు

ఈ పాఠ్యభాగం చదివిన తరువాత మీరు:
- చరిత్ర రచనలో ఆధార సూచన ఎందుకు అవసరమో చెప్పగలుగుతారు.
- ఆధార సూచన పనిని కంప్యూటరుకు అప్పగించే ప్రయత్నాలు ఏ క్రమంలో సాగాయో వివరించగలుగుతారు.
- తెలుగు పేర్లను గ్రంథసూచిలో చేర్చేటప్పుడు తీసుకోవలసిన జాగ్రత్తలను గుర్తించగలుగుతారు.

1. పరిచయం

మీరు గురజాడ అప్పారావు 'కన్యాశుల్కం' నాటకంపై ఒక వ్యాసం రాస్తున్నారనుకోండి. నాటకంలోని ఒక సంభాషణను ఆధారంగా చూపి, 1890లలో విజయనగరం ప్రాంతపు సమాజం గురించి ఒక నిర్ధారణ చేశారు. వ్యాసం దిద్దే అధ్యాపకుడు అడిగే మొదటి ప్రశ్న "ఇది ఏ ముద్రణలోది?" అని. ఎందుకంటే ఈ నాటకం మొదట 1897లో అచ్చయింది. 1909లో వచ్చిన రెండవ ముద్రణను రచయిత చాలావరకు తిరగరాశాడు. మీరు చూపిన సంభాషణ 1909 ముద్రణలోనే ఉండి, 1897 ముద్రణలో లేకపోతే మీ నిర్ధారణ నిలబడదు. 'కన్యాశుల్కం' అని మాత్రమే రాస్తే, అది నిలబడుతుందో లేదో చూసుకునే అవకాశం కూడా పాఠకుడికి ఉండదు.

కాబట్టి ఆధార సూచన కేవలం ఒక లాంఛనం కాదు. మీరు నడిచిన దారిని పాఠకుడు తిరిగి నడిచి చూసుకునేందుకు ఇచ్చే హామీ అది.

2. అచ్చు యుగం నాటి పద్ధతులు

ఎడ్వర్డ్ గిబ్బన్ రచించిన రోమన్ సామ్రాజ్య చరిత్ర మొదటి సంపుటం 1776లో వెలువడింది. అందులో ఆధారాలన్నీ పుస్తకం చివర ఉండేవి. ప్రతిసారీ వెనక్కి పేజీలు తిప్పవలసి వస్తున్నదని, వాటిని ఆయా పేజీల అడుగున వేయడం మంచిదని తత్వవేత్త డేవిడ్ హ్యూమ్ ప్రచురణకర్తకు సూచించాడు. తరువాతి ముద్రణల్లో అలాగే చేశారు. 1881లో హార్వర్డ్ జంతుశాస్త్రజ్ఞుడు ఎడ్వర్డ్ మార్క్ తన పరిశోధన పత్రంలో రచయిత పేరు, సంవత్సరం మాత్రమే పాఠ్యం మధ్యలో చూపించాడు. నేటి 'రచయిత-సంవత్సరం' పద్ధతికి ఇది తొలి ఉదాహరణగా పేరు పొందింది. 1906లో షికాగో విశ్వవిద్యాలయ ముద్రణాలయం తన శైలి నియమావళిని ప్రచురించింది.

ఈ పరిణామాల ఫలితాన్ని గమనించండి. ఆధారం ఒకటే అయినా, దాన్ని చూపే రూపాలు అనేకమయ్యాయి. ఒక పత్రికకు రాసిన వ్యాసాన్ని మరో పత్రికకు పంపాలంటే ఆధారాలన్నీ కొత్త రూపంలో తిరిగి రాయాలి. టైపు చేసిన ప్రతిలో కొత్తగా ఒక పాదసూచిక చేర్చితే, దాని తరువాత వచ్చే అంకెలన్నీ మార్చాలి. ఈ శ్రమలోనే తప్పులు దొర్లేవి.

3. తొలి ప్రయత్నం: రెఫర్

అమెరికాలోని బెల్ లాబొరేటరీస్‌లో యూనిక్స్ వాడేవారు సాదా పాఠ్యంలో రాసి, ట్రాఫ్ అనే ప్రోగ్రాం ద్వారా అచ్చు రూపం పొందేవారు. సాదా పాఠ్యం అంటే అక్షరాలు, అంకెలు, గుర్తులు తప్ప లోపల దాగిన అమరికలేవీ లేని ఫైలు. ఏ ఎడిటర్‌లో తెరిచినా అది ఒకే విధంగా కనిపిస్తుంది.

1978 నాటికి అక్కడి మైక్ లెస్క్ రెఫర్ అనే ప్రోగ్రాం తయారుచేశాడు. పుస్తకాల వివరాలన్నీ ఒక విడి ఫైలులో ఉంటాయి. రచయితకు ఒక వరుస, శీర్షికకు ఒక వరుస, సంవత్సరానికి ఒక వరుస. వ్యాసంలో మీరు ఆ పుస్తకాన్ని గుర్తుపట్టడానికి చాలినన్ని మాటలు రాస్తే చాలు. ప్రోగ్రాం వెతికి, పూర్తి వివరం పెట్టి, అంకె వేస్తుంది. వివరం ఒకచోట, దాన్ని వాడుకోవడం మరొకచోట అనే విభజన ఇక్కడ స్పష్టంగా కనిపిస్తుంది.

అయితే ఇందులో ఒక ఇబ్బంది ఉంది. 'గురజాడ', 'కన్యాశుల్కం' అనే రెండు మాటలు రాస్తే రెండు ముద్రణలూ సరిపోతాయి. ఏది కావాలో ప్రోగ్రాంకు తెలియదు.

4. స్క్రైబ్, బిబ్‌టెక్

బ్రయాన్ రీడ్ కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయంలో 1980లో సమర్పించిన డాక్టరేటు పరిశోధనకు స్క్రైబ్ అనే వ్యవస్థ ఆధారం. రచయిత విషయం మాత్రమే చెప్పాలి, రూపం సంగతి వ్యవస్థ చూసుకోవాలి అన్నది దాని సూత్రం. గ్రంథసూచి కూడా ఈ సూత్రం కిందికే వచ్చింది.

ఆ సూత్రాన్ని డొనాల్డ్ క్నూత్ రూపొందించిన టెక్ వ్యవస్థపై లెస్లీ లాంపోర్ట్ లేటెక్‌గా అమలుచేశాడు. దానికి తోడుగా ఓరెన్ పటాష్నిక్ 1985లో బిబ్‌టెక్ రాశాడు. పుస్తకాల ఫైలు రాసే పద్ధతిని చాలావరకు స్క్రైబ్ నుంచే తీసుకున్నాడు. ఇందులో ప్రతి ఆధారానికీ ఒక ప్రత్యేక సంకేతనామం ఉంటుంది. 'గురజాడ1897' ఒకటి, 'గురజాడ1909' మరొకటి. ఇక సందిగ్ధతకు తావు లేదు.

దీని పనితీరును దశలవారీగా చూడండి. లేటెక్ మొదటిసారి నడిచినప్పుడు వ్యాసంలోని సంకేతనామాలను ఒక సహాయక ఫైలులో రాసుకుంటుంది. ఆధారం వివరం ఇంకా తెలియదు కనుక ఆ స్థానంలో ప్రశ్నార్థకం వేస్తుంది. తరువాత బిబ్‌టెక్ ఆ ఫైలును చదివి, పుస్తకాల ఫైలులో వాటిని వెతికి, ఎంచుకున్న శైలి ప్రకారం జాబితా తయారుచేస్తుంది. లేటెక్ రెండవసారి నడిచినప్పుడు జాబితాను చేర్చుకుంటుంది. మూడవసారి ప్రశ్నార్థకాల స్థానంలో సరైన అంకెలు వేస్తుంది.

1988లో బిబ్‌టెక్ 0.99 వెలువడింది. ఆ తరువాత చిన్న సవరణలు జరిగినా అది 1.0కు చేరలేదు. అయినా 1980లలో రాసిన పుస్తకాల ఫైళ్లను నేటికీ తెరిచి వాడుకోవచ్చు. ఇది సాదా పాఠ్యం వల్ల కలిగిన మేలు.

5. తెలుగు పేర్ల సమస్య

బిబ్‌టెక్ పాశ్చాత్య పేర్లను దృష్టిలో ఉంచుకొని తయారైంది. పేరులో కామా లేకపోతే చివరి పదాన్ని అది ఇంటిపేరుగా భావిస్తుంది. మన వాడుకలో ఇంటిపేరు ముందు వస్తుంది. కనుక 'గురజాడ అప్పారావు' అని రాస్తే, జాబితాలో ఆయన 'గ' కింద కాక 'అ' కింద చేరతాడు. ఇంటిపేరు తరువాత కామా పెడితే వరుస సరిపోతుంది. కానీ కొన్ని శైలులు పేరును 'అప్పారావు గురజాడ' అని తిప్పి అచ్చువేస్తాయి. పేరు మొత్తాన్ని అదనంగా మరో జత ఫ్లవర్ బ్రాకెట్లలో ఉంచితే, దాన్ని విడదీయకుండా మీరు రాసినట్లే ఉంచుతుంది.

రెండవ సమస్య లిపికి సంబంధించినది. 1991లో వచ్చిన యూనికోడ్ మొదటి ప్రమాణంలోనే తెలుగు ఉంది. యూటీఎఫ్-8 పద్ధతిలో ఒక్కో తెలుగు వర్ణ సంకేతానికి మూడు బైట్లు పడతాయి. బిబ్‌టెక్ ఒక బైటునే ఒక అక్షరంగా లెక్కిస్తుంది. పేరును పొడి అక్షరానికి కుదించమంటే మూడింటిలో ఒక బైటు మాత్రమే తీసుకుంటుంది. అప్పుడు కాగితంపై అక్షరం కనిపించదు. తరువాత వచ్చిన బైబర్ అనే ప్రోగ్రాం యూనికోడ్‌ను పూర్తిగా అర్థం చేసుకుంటుంది కాబట్టి ఈ చిక్కు తీరింది.

6. శైలిని వేరుచేయడం

బిబ్‌టెక్ శైలి ఫైళ్ల భాష చాలా కఠినమైనది. పైగా అవి లేటెక్‌కే పరిమితం. 2000 తరువాత భూగోళ శాస్త్రజ్ఞుడు బ్రూస్ డార్కస్ సీఎస్ఎల్ అనే శైలి భాషను రూపొందించాడు. ఏ ప్రోగ్రాం అయినా దాన్ని చదువుకోవచ్చు. 2006లో జార్జ్ మేసన్ విశ్వవిద్యాలయంలోని చరిత్ర, నవ మాధ్యమాల కేంద్రం విడుదల చేసిన ఉచిత సాధనం జొటేరో దీన్ని స్వీకరించింది. ఈ సాధనం చరిత్రకారుల మధ్య పుట్టినదని మీరు గుర్తుంచుకోవాలి. నేడు సీఎస్ఎల్‌లో పదివేలకు పైగా శైలులు లభిస్తున్నాయి.

2004లో జాన్ గ్రూబర్ ప్రకటించిన మార్క్‌డౌన్ రాత పద్ధతిలో పాదసూచికలు గాని, ఆధార సూచనలు గాని లేవు. బర్కిలీలో తత్వశాస్త్ర ఆచార్యుడైన జాన్ మెక్‌ఫర్లేన్ 2006లో ప్రారంభించిన పాన్‌డాక్ క్రమంగా ఆ కొరత తీర్చింది.

7. ఆర్గ్ మోడ్ అనుభవం

ఖగోళ శాస్త్రజ్ఞుడు కార్స్టెన్ డొమినిక్ 2003లో ఈమ్యాక్స్ ఎడిటర్ కోసం ఆర్గ్ మోడ్ రాశాడు. మొదట అది నోట్సు, పనుల జాబితా కోసం ఉద్దేశించినది. క్రమంగా విద్యార్థులు, పరిశోధకులు వ్యాసాలు కూడా అందులోనే రాయసాగారు. కానీ ఆధార సూచనకు అందులో సొంత ఏర్పాటు లేదు. కొందరు లేటెక్ ఆదేశాలను నేరుగా చొప్పించేవారు. కొందరు జాన్ కిచిన్ రూపొందించిన ఆర్గ్-రెఫ్ అనే అనుబంధాన్ని వాడేవారు. లేటెక్ ఆదేశాలు అచ్చు ప్రతిలో చక్కగా పనిచేసేవి. అదే వ్యాసాన్ని వేరే రూపంలోకి మార్చితే ఆ ఆధారాలు గ్రంథసూచిలోకి చేరేవి కావు.

2021లో వెలువడిన ఆర్గ్ 9.5తో ఈ స్థితి మారింది. నికొలా గొజియూ రాసిన కొత్త భాగం రాత పద్ధతిని, దాన్ని అమలుచేసే యంత్రాంగాన్ని వేరుచేసింది. రచయిత చదరపు బ్రాకెట్లలో సంకేతనామం రాస్తాడు. అవసరమైతే దానికి ముందు ఒక మాట, తరువాత పేజీ సంఖ్య చేర్చుతాడు. ఆ సూచనను తెరపై గుర్తించడం, నొక్కితే మూలానికి వెళ్లడం, కొత్తది చొప్పించడం, చివరి ప్రతిలో అచ్చు రూపం ఇవ్వడం అనే నాలుగు పనులను వేర్వేరు ప్రోగ్రాంలకు అప్పగించవచ్చు. అచ్చు ప్రతికి లేటెక్ సాధనాలనూ, ఇతర రూపాలకు సీఎస్ఎల్‌నూ వాడుకోవచ్చు. వ్యాసంలో ఒక్క అక్షరం మార్చనవసరం లేదు.

8. సారాంశం

రెఫర్ వివరాన్ని వ్యాసం నుంచి వేరుచేసింది. బిబ్‌టెక్ ప్రతి ఆధారానికీ ఒక స్థిరమైన సంకేతనామం ఇచ్చింది. సీఎస్ఎల్ శైలిని ప్రోగ్రాం నుంచి విడదీసింది. ఆర్గ్ మోడ్ రాతను యంత్రాంగం నుంచి విడదీసింది. ప్రతి దశలోనూ రచయిత మీద భారం తగ్గింది. అయితే ఒక భారం మాత్రం తగ్గలేదు. మీరు చూసింది 1897 ముద్రణా, 1909 ముద్రణా అన్నది ఏ ప్రోగ్రామూ చెప్పలేదు. తప్పు సంవత్సరం నమోదు చేస్తే, అది ఆ తప్పును ఎంతో చక్కని శైలిలో అచ్చువేస్తుంది. పుస్తకం చేతిలో ఉండగానే ముఖపత్రం వెనుక పేజీ తిప్పి, వివరాలు రాసుకునే అలవాటు చేసుకోండి.

మీ ప్రగతిని పరీక్షించుకోండి

1. రెఫర్ వెతికే పద్ధతికీ, బిబ్‌టెక్ సంకేతనామానికీ గల తేడా ఏమిటి?
2. బిబ్‌టెక్‌లో తెలుగు పేర్లకు ఎదురయ్యే రెండు సమస్యలను ఉదాహరణతో వివరించండి.
3. మీ దగ్గర ఉన్న ఏవైనా ఐదు తెలుగు పుస్తకాల వివరాలను, ముద్రణ సంవత్సరంతో సహా, ఒక సాదా పాఠ్య ఫైలులో నమోదు చేయండి.