కొప్పు ముడిచిన అక్కచెల్లెళ్ళు

“పెళ్ళి మానేస్తే ముసలితనంలో నిన్నెవరు చూస్తారే? పోయాక నీకు దీపం పెట్టేదెవరు?” ఈ మాట వినని ఆడపిల్ల మన ఇళ్ళల్లో అరుదు. దీనికి తమ బతుకుతోనే జవాబు చెప్పిన ఆడవాళ్ళు చైనాలో ఉండేవారు. ఈ వేళ వాళ్ళ సంగతి చెప్పుకుందాం.

దక్షిణ చైనాలో కాంటన్ నగరానికి దగ్గరలో షుండే అనే సీమ ఉంది. చెరువుల్లో చేపలు, గట్ల మీద మల్బరీ తోటలు. ఆకు పట్టుపురుగులకి, పురుగుల పెంట చేపలకి, చెరువు బురద మళ్ళీ తోటకి. పురుగుల్ని పెంచడం, దారం తీయడం చాలావరకు ఆడవాళ్ళ పని. 1870 తర్వాత ఆవిరితో నడిచే పట్టు మిల్లులు వచ్చాయి. దాంతో ఆడపిల్ల కష్టం కూలి డబ్బై కంటికి కనబడింది.

చేతిలో నాలుగు డబ్బులాడితే ఆలోచన కూడా మారుతుంది కదండీ! అత్తింటి ఆరళ్ళు, ఏటేటా పురుళ్ళు చూసిన పిల్లలు కొందరు పెళ్ళి వద్దన్నారు. అక్కడ కన్నెపిల్లకి జడ, పెళ్ళయినామెకి కొప్పు. వీళ్ళు మంచిరోజు చూసుకుని, స్నేహితురాళ్ళ ఎదుట, గ్వాన్‌యిన్ దేవి ముందు ప్రమాణం చేసి, పెళ్ళి లేకుండానే కొప్పు ముడుచుకునేవారు. ఆ దేవి మనకి పరాయిదేం కాదు. మన దేశం నుంచి వెళ్ళిన అవలోకితేశ్వరుడే అక్కడ తల్లి రూపం దాల్చాడు. ఈ ఆడవాళ్ళకి “తల తామే దువ్వుకున్నవారు” అని పేరు.

అంతా స్వేచ్ఛేనని అనుకోకండి. కూతురి కూలి మీద ఆశతో పెళ్ళి తలపెట్టని తల్లిదండ్రులూ ఉన్నారు. ప్రమాణం తప్పిన పిల్లకి శిక్ష కఠినంగా ఉండేది. మరో చిక్కు, ఆచారం ప్రకారం పెళ్ళికాని కూతురు పుట్టింట్లో కన్నుమూయరాదు. పెద్దల పేర్లు రాసి పూజించే పలకల సరసన ఆమె పేరుకి చోటు లేదు. జన్మంతా తమ్ముళ్ళకి పెట్టినామె అయినా సరే, అవసానకాలంలో గడప దాటవలసిందే.

అందుకని వాళ్ళు నెలనెలా ఇంత అని చందా వేసుకుని ఇళ్ళు ఏర్పాటు చేసుకున్నారు. జబ్బు చేస్తే ఒకరికొకరు గంజి కాచి పోసేవారు. పెద్దామె ఒక చిన్నదాన్ని శిష్యురాలిగానో కూతురిగానో తీసుకునేది. పోయాక ఆమె పేరున అగరువత్తి వెలిగించే బాధ్యత ఆ చిన్నదానిది.

1930ల ఆర్థికమాంద్యంలో పట్టు ధర పడిపోయింది, మిల్లులు మూతపడ్డాయి. అనేకమంది ఓడలెక్కి హాంకాంగ్, సింగపూర్, మలయా చేరారు. 1933 నాటి చట్టం మలయాలోకి వచ్చే విదేశీ మగవాళ్ళ సంఖ్యకి హద్దు పెట్టింది. ఆడవాళ్ళకి 1938 దాకా ఆ అడ్డు లేదు. తెల్ల చొక్కా, నల్ల లాగూ వేసుకుని, పరాయి ఇళ్ళల్లో వంటలు చేశారు, పిల్లల్ని పెంచారు. పడక యజమాని ఇంట్లోనే అయినా, పదిమంది కలిసి ఊళ్ళో ఒక గది అద్దెకి తీసుకునేవారు. పెట్టె పెట్టుకోవడానికి, సెలవునాడు కూచుని మాట్లాడుకోవడానికి, పని పోయిననాడు తల దాచుకోవడానికి అదే ఇల్లు.

సింగపూర్లో అలా కూడబెట్టిన డబ్బుతో కొందరు షుండేలోని జునాన్‌లో, 1950 ప్రాంతంలో, తమవాళ్ళ వార్ధక్యానికి ఒక భవనం కట్టించారు. దాని పేరు బింగ్‌యుతాంగ్, అంటే మంచు, పచ్చరాయి పేర్లు కలిసిన మందిరం. పుట్టింట చోటు దొరకని పేర్లకి అక్కడ పలకలు నిలిచాయి. ఇప్పుడది ప్రదర్శనశాల.

మనకీ ప్రాణస్నేహితురాళ్ళు ఉంటారు. కష్టం సుఖం చెప్పుకుంటాం, “నా తోబుట్టువులాంటిది” అంటాం. ఆ చైనా అమ్మలు మాటతో ఆగలేదు. చందా ఎంత, తాళంచెవి ఎవరి దగ్గర, మంచాన పడితే గంజి ఎవరు పోయాలి, అన్నీ ఒంట్లో ఓపిక ఉండగానే తేల్చుకున్నారు. మీ స్నేహితురాళ్ళలో ఒంటరిగా ఉన్నామె ఉంటే, ఈ మాటలు ఆమెతో ఎత్తడానికి మొహమాటపడకండి. ఆమెకై ఆమె అడగలేకపోవచ్చు.

ఉంటాను మరి.