మాత్రా, జెల్లా, ప్యాచా? ఆ ప్రశ్న ఎవరి దాకా వచ్చింది



గోపన్‌పల్లి మీకు తెలుసు. ఒక పక్క సెంట్రల్ యూనివర్సిటీ, ఇంకో పక్క విప్రో క్యాంపస్, నల్లగండ్ల దిక్కు ఆకాశాన్నంటే అపార్ట్‌మెంట్లు, మధ్యలో పాత ఊరు, తండా. ఒక ఫ్లాట్‌లో 45 ఏళ్ల టీమ్ లీడర్ ఉందనుకోండి. ఆ ఇల్లు తుడవడానికి మెదక్ దిక్కు నుంచి వచ్చిన అక్కకూ 45 ఏళ్లే అనుకోండి. ఇద్దరికీ రాత్రిళ్లు ఒళ్లంతా సెగలు, చెమటలు, నిద్ర లేదు, ఊరికే చిరాకు. ముట్లు పూర్తిగా ఆగిపోకముందు కొన్నేళ్లు సాగే ఈ దశను డాక్టర్లు పెరిమెనోపాజ్ అంటారు. మొదటామె గైనకాలజిస్టు ముందు కూర్చుని, హార్మోన్ చికిత్స మొదలుపెడితే మాత్రా, జెల్లా, ప్యాచా అని అడుగుతుంది. రెండో ఆమెకు ముట్లు ఆగి పదహారేళ్లయింది. 29 ఏళ్లకే గర్భసంచి తీసేశారు. తన ఒంట్లో ఇప్పుడు జరుగుతున్నది ఏమిటో చెప్పే గుర్తు కూడా ఆమె దగ్గర లేదు.

నేను ఊహించి చెప్పిన మనుషులే. కానీ రెండో ఆమె మీ ఇళ్లలోనే ఉండొచ్చు. మా చిన్నమ్మ అలాంటిదే.

ముందు మందు కథ చూద్దాం. 1942లో అమెరికాలో ప్రెమరిన్ అనే మాత్ర అమ్మకానికి వచ్చింది. కడుపుతో ఉన్న గుర్రాల మూత్రం నుంచి తీసిన ఈస్ట్రోజన్ అది. ఆ మాటల ఇంగ్లీషు ముక్కలే అతికించి పేరు పెట్టారు. 1966లో రాబర్ట్ విల్సన్ అనే డాక్టరు, ముట్లు ఆగడమంటే ఆడతనం పోవడమే, ఈస్ట్రోజన్ మింగితే ఎప్పటికీ ఆడదానిలా ఉండొచ్చు అని పుస్తకం రాశాడు. జనం ఎగబడి కొన్నారు. ఆ డాక్టరుకు మందుల కంపెనీ డబ్బు అందిందని తర్వాతెప్పుడో ఆయన కొడుకే బయటపెట్టాడు. 1975లో అసలు దెబ్బ తగిలింది. గర్భసంచి ఉన్న స్త్రీ ఈస్ట్రోజన్ ఒక్కటే వాడితే ఆ సంచి లోపలి పొరకు క్యాన్సర్ ముప్పు పెరుగుతుందని పరిశోధనలు తేల్చాయి. అప్పటి నుంచి గర్భసంచి ఉన్నవాళ్లకు ప్రొజెస్టరాన్ తరహా మందు కూడా జతచేయడం నియమమైంది.

ఆ తర్వాత 2002 జులై. విమెన్స్ హెల్త్ ఇనీషియేటివ్ అనే పెద్ద అమెరికా పరిశోధనలో రెండు హార్మోన్లు కలిపి ఇస్తున్న భాగాన్ని మధ్యలోనే ఆపేశారు. రొమ్ము క్యాన్సర్, గుండెపోటు, పక్షవాతం, రక్తం గడ్డలు కొంత పెరిగాయన్నారు. ప్రపంచమంతా భయం. కానీ అందులో ఉన్న 16,608 మంది సగటు వయసు 63. అంటే చాలామందికి ముట్లాగి పదేళ్లు దాటింది. 45 ఏళ్ల మనిషికి ఆ లెక్క యథాతథంగా అంటించకూడదని తేలడానికి ఏళ్లు పట్టింది. 60 లోపు, లేదా ముట్లాగిన పదేళ్ల లోపు మొదలుపెడితే, వేరే అడ్డంకి లేనివాళ్లలో ఎక్కువమందికి మేలే ఎక్కువ అని ఇప్పుడు వైద్య సంఘాలు అంటున్నాయి.

అదే పరిశోధనలో గర్భసంచి తీసేసిన స్త్రీలకు విడిగా ఒక భాగం ఉంది, ఈస్ట్రోజన్ ఒక్కటే ఇచ్చి చూసింది. అందులో పక్షవాతం ముప్పు పెరిగింది, రొమ్ము క్యాన్సర్ మాత్రం పెరగలేదు. అంటే మెదక్ అక్కలాంటి వాళ్ల గురించి సైన్స్ దగ్గర జవాబులున్నాయి. ఆ జవాబులు ఆమె గడప దాకా రాలేదు, అంతే.

ఇక్కడ ఆ కాలంలో ఏం జరిగిందో చూడండి. తెల్లబట్ట అవుతుందనో, నడుం నొప్పనో, ముట్టు ఎక్కువ పోతుందనో పోయిన ఆడోళ్లకు స్కాన్ తీసి, క్యాన్సర్ వస్తదని బెదిరించి, గర్భసంచి కోసేశారు. 2007లో ఆరోగ్యశ్రీ వచ్చింది. పేదలకు పెద్దాసుపత్రి తలుపు తెరిచిన పథకమే, కాదనను. ప్రైవేటు ఆసుపత్రులు ఆ తలుపులోంచే ఈ ఆపరేషన్లను బిల్లులుగా మార్చుకున్నాయి. డాక్టర్ ఎస్.వి. కామేశ్వరి, డాక్టర్ వింజమూరి ప్రకాశ్ మెదక్ జిల్లా పల్లెల్లో తిరిగి, అవసరం లేని ఈ ఆపరేషన్ల గురించి రాశారు. గొడవ పెద్దదయ్యాక ప్రభుత్వమే ఆరోగ్యశ్రీ కింద ఈ ఆపరేషన్‌ను ప్రభుత్వాసుపత్రులకు పరిమితం చేసింది.

లెక్క చూడండి. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే 2015–16లో మొదటిసారి ఈ ప్రశ్న విడిగా అడిగింది. 15–49 ఏళ్ల స్త్రీలలో గర్భసంచి లేనివాళ్లు దేశంలో 3.2 శాతం. తెలంగాణలో 7.7, ఆంధ్రప్రదేశ్‌లో 8.9. దేశంలో ముందున్నవి మన రెండు రాష్ట్రాలే. చదువు లేనివాళ్లలో, పల్లెవాళ్లలో ఎక్కువ. నాట్లేసే చేతులు ఏ వాడలవో ఈ సిరీస్ చదివేవాళ్లకు నేను చెప్పనక్కర్లేదు.

గర్భసంచి ఒక్కటే తీస్తే ముట్టు ఆగుతుంది, అండాశయాలు పని చేస్తూనే ఉంటాయి, కాకపోతే కొంత ముందుగా అలసిపోవచ్చు. అండాశయాలు కూడా తీస్తే ఈస్ట్రోజన్ ఒక్కసారిగా పడిపోతుంది. సెగలు ఆ వారంలోనే మొదలవుతాయి, ఎముకలు గుల్లబారతాయి, గుండెకూ ముప్పే. మన దేశంలో ముట్లు సహజంగా ఆగే సగటు వయసు 46–47. అంతకంటే చాలా ముందే అండాశయాలు పోయినవాళ్లకు, అడ్డంకులు లేకపోతే, కనీసం ఆ వయసు దాకా హార్మోన్ ఇవ్వాలనేది వైద్యంలో ఒప్పుకున్న మాట. మా చిన్నమ్మ చీటీల సంచిలో మాత్రం కాల్షియం, గ్యాస్ మాత్రలే ఉన్నాయి.

సుప్రీంకోర్టు డాక్టర్ నరేంద్ర గుప్తా వేసిన కేసులో 2023 ఏప్రిల్‌లో, అనవసర ఆపరేషన్లను ఆపే కేంద్ర మార్గదర్శకాలను మూడు నెలల్లో అమలు చేయమని రాష్ట్రాలకు చెప్పింది. జిల్లా స్థాయిలో కూడా నిఘా కమిటీ ఉండాలి. మీ జిల్లాలో అది ఎన్నిసార్లు కూర్చుందో సమాచార హక్కు కింద అడగండి.

ఇక మొదటి మందు ఎంపిక. అడగాల్సిన మొదటి మాట: గర్భసంచి ఉందా? ఉంటే రెండు హార్మోన్లు. ముట్లు ఇంకా వస్తుంటే ప్రొజెస్టరాన్ సాధారణంగా నెలకు 12–14 రోజులు. లేకపోతే ఎక్కువమందికి ఈస్ట్రోజన్ ఒక్కటి చాలు. రక్తం గడ్డకట్టే ముప్పు ఉన్నవాళ్లకు, బీపీ, అధిక బరువు ఉన్నవాళ్లకు మాత్రకన్నా చర్మం మీద రాసే జెల్, అంటించే ప్యాచ్ మేలు. రొమ్ము క్యాన్సర్ వచ్చినవాళ్లు, కారణం తెలియని రక్తస్రావం ఉన్నవాళ్లు, కాలేయ జబ్బు ముదిరినవాళ్లు దీని జోలికి పోకూడదు. గుండె దడ, నీరసం ఉంటే రక్తహీనత, థైరాయిడ్ కూడా చూపించాలి. ఇంకోటి, ఇది గర్భనిరోధకం కాదు. ముట్లు సక్రమంగా లేకపోయినా కడుపు రావచ్చు.

రెండో మాట మెదక్ అక్క కోసం: అండాశయాలు ఉన్నాయా? అది డిశ్చార్జి కాగితంలో ఉంటుంది. అడిగిన 72 గంటల్లో రికార్డు ఇవ్వాలని 2002 నాటి మెడికల్ కౌన్సిల్ నిబంధన. కానీ అదే నిబంధన ప్రకారం డాక్టరు రికార్డు దాచాల్సింది మూడేళ్లే. పదహారేళ్ల కిందటి ఆపరేషన్‌కు కాగితం ఎక్కడ దొరుకుతుంది? ఇంట్లో రేకు పెట్టెలో ఉంటే ఉన్నట్టు. లేకపోతే ప్రభుత్వాసుపత్రిలో స్కాన్‌తో, రక్తపరీక్షతో అంచనా వేయించుకోవాలి. యూనివర్సిటీలో చదివే పిల్లలు ఈ సెలవులకు ఇంటికి పోయినప్పుడు ముందు ఆ పెట్టె తెరవండి. కాగితం దొరికితే ఫోటో తీసి అమ్మ ఫోన్‌లోనూ, మీ ఫోన్‌లోనూ దాచండి.

జై భీమ్.