ఒళ్లు విల్లులా వంగితే మంచిదేనా? గోపీచంద్ మోకాలి నుంచి మన మోకాలి దాకా

ఈ రోజు ఎపిసోడ్‌లో రాజుల గురించి, కోటల గురించి మాట్లాడబోవట్లేదు. కీళ్ల చరిత్ర చెప్పుకుందాం. అవును, కీళ్లకి కూడా చరిత్ర ఉంది. అందులో నా మోకాలు కూడా ఒక చిన్న పేరాగ్రాఫ్.

మాది నందికొట్కూరు. స్కూల్లో చదివేటప్పుడు నా దగ్గర ఒక విద్య ఉండేది. బొటనవేలిని వెనక్కి వంచి ముంజేతికి ఆనించేవాణ్ణి. చిటికెన వేలిని నిటారుగా లేపేవాణ్ణి. నిలబడితే నా మోకాళ్లు వెనక్కి విల్లులా వంగేవి. ఫ్రెండ్స్ 'రబ్బరు' అని పేరు పెట్టారు. కొత్త పిల్లలెవరైనా క్లాసులోకి వస్తే ముందు నా చెయ్యి చూపించేవాళ్లు. నాకూ గర్వంగానే ఉండేది.

కబడ్డీ ఆడేవాణ్ణి. కూతకి పోతే నలుగురు పట్టుకున్నా జారిపోయేవాణ్ణి. ఆట నేర్పే పెద్దాయన ఒకరు, "నీ ఒళ్లు దేవుడిచ్చిన వరం రా, ఇంకా సాగదియ్" అనేవారు. వార్మప్‌లో కాళ్లు చాపి కూర్చుంటే ఇద్దరు వెనక నుంచి నా వీపు మీద బరువేసి నొక్కేవాళ్లు. ముక్కు నేలకి తగిలేది. అందరూ చప్పట్లు కొట్టేవాళ్లు.

పదిహేడేళ్లప్పుడు ఒక మ్యాచ్‌లో కూతకి పోయి, గీత దగ్గర గిరుక్కున తిరిగాను. నన్ను ఎవరూ ముట్టుకోలేదు. మోకాలి చిప్ప పక్కకి జారిపోయింది. కింద పడ్డాక కాలు వైపు చూస్తే అది నా కాలులా లేదు. సాయంత్రానికి మోకాలు బూడిద గుమ్మడికాయంత అయింది. ఇంటి చుట్టుపక్కల వాళ్లు పుత్తూరు కట్టు కట్టించమన్నారు. పుత్తూరు కట్టు విరిగిన ఎముకలకి పేరున్న కట్టు. నాకు విరిగింది ఏమీ లేదు. ఇంకొకరు "పట్టేసింది, బాగా సాగదీస్తే వదులుతుంది" అన్నారు. నేను అదే చేశాను. రెండేళ్లలో అదే మోకాలు మూడుసార్లు జారింది. చివరికి కర్నూలులో ఒక ఫిజియోథెరపిస్ట్ నన్ను నిలబెట్టి చూసి, ఒక్క మాట అన్నారు. "నీకు కావాల్సింది వదులు కాదు బాబూ, బిగువు."

ఆ మాట దగ్గర నుంచే ఈ చరిత్ర వెతకడం మొదలుపెట్టాను.

మొదట చాలా వెనక్కి, సుమారు 2400 ఏళ్ల కిందటి గ్రీసుకి పోదాం. హిపోక్రటీస్ పేరుతో మనకి దొరికిన వైద్య గ్రంథాల్లో గాలి, నీళ్లు, ప్రదేశాల గురించి ఒకటుంది. అందులో సిథియన్ల ప్రస్తావన వస్తుంది. గుర్రాల మీద తిరిగే జనం, విలువిద్యకి పేరున్న వాళ్లు. వాళ్ల ఒంట్లో తేమ ఎక్కువనీ, కీళ్లు వదులనీ, అందుకే విల్లు లాగడం, ఈటె విసరడం కష్టమయ్యేదనీ ఆ గ్రంథం చెప్తుంది. మరి వాళ్లేం చేసేవాళ్లంట? భుజాలు, మణికట్లు, రొమ్ము, తుంటి, నడుము దగ్గర కాల్చుకునేవాళ్లంట, తేమ ఆరి కీలు గట్టిపడుతుందని.

ఇది చదివినప్పుడు నాకు మా సీమ పల్లెలు గుర్తొచ్చాయి. మన దగ్గర కూడా నొప్పులకి వాతలు పెట్టేవాళ్లు కదా! కాల్చడం వైద్యం కాదు, అది వేరే సంగతి. కానీ వాళ్లు గమనించిన విషయం మాత్రం సరైనదే. కీలు వదులైతే బలం ఎక్కడికో జారిపోతుంది. విల్లు లాగాలంటే వంగే గుణం ఒక్కటే చాలదు. భుజం ఒకచోట గట్టిగా నిలబడాలి కూడా.

ఆ తర్వాత చాలా కాలం ఇలా ఒళ్లు వంచేవాళ్లని ఎక్కువగా వినోదంగానే చూశారు. చూసి డబ్బులిచ్చారు, నొప్పి గురించి ఎవరూ అడగలేదు. డాక్టర్లు దీన్ని కొలవడం మొదలుపెట్టింది ఇరవయ్యో శతాబ్దంలోనే. 1964లో బ్రిటన్‌లో కార్టర్, విల్కిన్సన్ అనే ఇద్దరు, తుంటి తప్పి పుట్టే పిల్లల్ని పరిశీలిస్తూ, కీళ్ల వదులు కొలవడానికి ఒక పద్ధతి రాశారు. 1967లో కిర్క్, బార్బరా అన్సెల్, బైవాటర్స్ అనే ముగ్గురు డాక్టర్లు ఇంకో అడుగు ముందుకేశారు. వేరే ఏ కీళ్ల జబ్బూ లేకుండా, కీళ్లు వదులుగా ఉండి నొప్పులు పడేవాళ్లు ఉన్నారని చెప్పి, ఆ స్థితికి 'హైపర్‌మొబిలిటీ సిండ్రోమ్' అని పేరు పెట్టారు. అంటే నొప్పి మన ఊహ కాదని ఒక కాగితం మీద రాసిపెట్టారు. నాలాంటోళ్లకి అది చిన్న విషయం కాదు.

1973లో పీటర్ బైటన్ అనే జన్యు శాస్త్రవేత్త, తన తోటి వాళ్లతో కలిసి దక్షిణాఫ్రికాలో ట్స్వానా జనం ఉండే పల్లెల్లో కీళ్లు పరీక్షించాడు. ఆడవాళ్లలో వదులు ఎక్కువ, వయసు పెరిగే కొద్దీ తగ్గుతుంది అని తేలింది. ఆ పని నుంచి వచ్చిందే ఈ రోజుకీ ప్రపంచమంతా వాడే బైటన్ స్కోరు. మొత్తం 9 మార్కులు. మీరు కూడా నెమ్మదిగా చూసుకోవచ్చు. బలవంతం మాత్రం చెయ్యకండి.

చిటికెన వేలు వెనక్కి 90 డిగ్రీలు దాటి వంగితే ఒక మార్కు, రెండు చేతులకి రెండు. బొటనవేలు ముంజేతికి తగిలితే ఒకటి, అలా ఇంకో రెండు. మోచెయ్యి తిన్నగా చాపాక 10 డిగ్రీల కంటే ఎక్కువ వెనక్కి పోతే రెండు. మోకాలు కూడా అలాగే పోతే రెండు. మోకాళ్లు వంచకుండా ముందుకి వంగి, రెండు అరచేతులూ పూర్తిగా నేలకి ఆనిస్తే ఒకటి. 2017లో పెట్టిన కొత్త లెక్క ప్రకారం పెద్దవాళ్లకి 5, యాభై దాటినవాళ్లకి 4, ఎదిగే వయసుకి ముందు పిల్లలకి 6 వస్తే వదులు కీళ్ల కిందికి వస్తారు. నాకు 7 వచ్చింది.

ఇక్కడ ఒకటి గట్టిగా చెప్పాలి. స్కోరు ఎక్కువ వస్తే జబ్బు ఉన్నట్టు కాదు. యూరప్ వాళ్లతో పోలిస్తే ఆసియా, ఆఫ్రికా జనంలో వదులు కీళ్లు ఎక్కువే కనిపిస్తాయి. చాలామందికి జీవితాంతం ఏ నొప్పీ రాదు. జిమ్నాస్టిక్స్‌లో, డాన్సులో అదే వాళ్ల ఆస్తి. మరి ఇబ్బంది ఎక్కడ మొదలవుతుంది?

ఎడ్లబండి ఊహించుకోండి. కాడిని బండికి కట్టిన పగ్గం బిగువుగా ఉంటే ఎడ్లు లాగిన బలమంతా బండికి పోతుంది. పగ్గం వదులైతే కాడి అటూ ఇటూ ఊగుతుంది, ఎడ్ల మెడలు ఒరుసుకుపోతాయి. మన కీలులో ఆ పగ్గం పేరు లిగమెంట్. ఎముకకీ ఎముకకీ మధ్య ఉండే గట్టి పట్టీ. అది పుట్టుకతోనే కొంచెం సాగేదైతే, కీలుని నిలబెట్టే పని మొత్తం కండరాల మీద పడుతుంది. కండరం బలంగా ఉన్నంతసేపు బండి నడుస్తుంది. మ్యాచ్ చివర్లో కండరం అలిసిపోతే కీలు తన హద్దు దాటి పోతుంది. పైగా వదులు కీళ్లు ఉన్నవాళ్లలో చాలామందికి, కాలు ఏ కోణంలో ఉందో ఒంటికి తెలిసే ఆ చురుకు కూడా తక్కువగా ఉంటుంది.

ఈ పగ్గం తెగితే ఏమవుతుందో తెలుగువాళ్లకి బాగా తెలిసిన కథ ఒకటుంది. పుల్లెల గోపీచంద్. ఆయన కీళ్లు వదులని నేను అనట్లేదు. ఆయన కథ చెప్పేది తెగిన లిగమెంట్ గురించి, దాని తర్వాత పడే కష్టం గురించి.

ప్రకాశం జిల్లా నాగండ్లలో 1973 నవంబర్ 16న పుట్టాడు. 1994లో పూణె నేషనల్ గేమ్స్‌లో డబుల్స్ ఆడుతుంటే మోకాలు దెబ్బతింది. ఏసీఎల్ తెగింది. మోకాలి లోపల తొడ ఎముకనీ కింది ఎముకనీ కలిపే ముఖ్యమైన లిగమెంట్ అది. అప్పటికి ఆయనకి ఇరవై ఏళ్లు. మోకాలికి ఒకటి కాదు, ఒకటి మించి ఆపరేషన్లు అయ్యాయి. బ్యాడ్మింటన్ అంటేనే ముందుకి లంజ్, వెనక్కి జంప్, పక్కకి మలుపు. మోకాలు లేకపోతే ఆట లేదు. ఆ రోజుల్లో ఇప్పటిలా ప్రతి ప్లేయర్ వెంట ఒక ఫిజియో ఉండేవాడు కాదు.

అయినా 1996లో నేషనల్ ఛాంపియన్ అయ్యాడు. వరుసగా ఐదేళ్లు ఆ టైటిల్ వదల్లేదు. 2001 మార్చి 11న బర్మింగ్‌హామ్‌లో ఆల్ ఇంగ్లాండ్ ఫైనల్. ఎదురుగా చైనా ఆటగాడు చెన్ హాంగ్. 15–12, 15–6. ప్రకాశ్ పదుకొణె 1980లో గెలిచాక, 21 ఏళ్లకి ఇంకో భారతీయుడు ఆ కప్పు ఎత్తాడు. ఈ గెలుపు మనందరికీ తెలుసు. దాని వెనక ఏడేళ్ల మోకాలు ఉందని చాలామందికి తెలియదు.

2008లో గచ్చిబౌలిలో అకాడమీ పెట్టాడు. అక్కడి నుంచి సైనా, సింధు వచ్చారు. వాళ్ల మెడల్స్ చరిత్రలోకి తొంగి చూసినా మళ్లీ మోకాలే కనిపిస్తుంది. 2012 లండన్‌లో సైనా కాంస్య పతకం మ్యాచ్ గుర్తుందా? ఎదుటి అమ్మాయి వాంగ్ షిన్ మొదటి గేమ్ 21–18తో గెలిచింది. కానీ ఆ గేమ్ చివర్లో దిగడం సరిగ్గా పడక మోకాలు పట్టేసింది. రెండో గేమ్‌లో ఒక్క పాయింట్ ఆడి తప్పుకుంది. 2016 రియోలో సైనా తనే మోకాలి నొప్పితో ఆడి, వచ్చాక ఆపరేషన్ చేయించుకుంది.

అదే రియోలో సింధుని ఫైనల్లో ఓడించిన కరోలినా మారిన్‌ని చూడండి. 2019 జనవరిలో జకార్తాలో సైనా మీద ఫైనల్లో 10–4తో ముందుంది. కుడి మోకాలు పోయింది. ఎనిమిది నెలలకే తిరిగొచ్చి చైనా ఓపెన్ గెలిచింది. 2021లో ఎడమ మోకాలు. 2024 పారిస్ సెమీఫైనల్లో ఒక గేమ్ గెలిచి, రెండో గేమ్‌లోనూ ముందుండగా, మళ్లీ కుడి మోకాలు. కోర్టు మీద కూర్చుని ఏడ్చింది. ఆ రోజు ఆమె మీద ఫైనల్‌కి వెళ్లిన హే బింగ్‌జియావో, పోడియం మీద స్పెయిన్ పిన్ను పట్టుకుని నిలబడింది.

గమనించారా? వాంగ్ షిన్‌ని గానీ, మారిన్‌ని గానీ ఎవరూ ఢీకొట్టలేదు. దూకి దిగే క్షణంలో, తిరిగే క్షణంలో పోయింది. నాది కూడా అంతే. ఒకే రకం ఆటల్లో ఏసీఎల్ తెగే ప్రమాదం అబ్బాయిల కంటే అమ్మాయిలకి కనీసం రెండింతలు.

మరి వదులు కీళ్లకీ ఈ గాయాలకీ లింకు ఉందా? అప్పటిదాకా వచ్చిన పరిశోధనల్ని 2010లో ఒకచోట చేర్చి చూశారు. వదులు కీళ్లు ఉన్న క్రీడాకారులకి మోకాలి గాయం ప్రమాదం ఎక్కువ అని తేలింది, ముఖ్యంగా ఒళ్లు తగిలే ఆటల్లో. కబడ్డీ అంటే ఒళ్లు తగిలే ఆటే కదా. చీలమండ విషయంలో మాత్రం అలాంటి తేడా కనిపించలేదు.

ఇంకోటి, సాగదీయడం. మనం మందులా నమ్మే విషయం. 2000లో ఆస్ట్రేలియాలో 1538 మంది కొత్త సైనికుల మీద పరీక్షించారు. సగం మందికి కసరత్తుకి ముందు స్ట్రెచింగ్, సగం మందికి లేదు. గాయాల్లో చెప్పుకోదగ్గ తేడా రాలేదు. స్ట్రెచింగ్ చెడ్డదని కాదు. ఒళ్లు బిగుసుకుపోయేవాడికి అది పనికొస్తుంది. ఇప్పటికే హద్దు దాటి వంగే కీలుని ఇద్దరు కూర్చుని నొక్కితే మాత్రం, తెగబోయే పగ్గాన్ని ఇంకా లాగినట్టే.

మరి పనిచేసేది ఏంటి? 2006లో ఫుట్‌బాల్ వాళ్లు '11 ప్లస్' అని ఒక వార్మప్ తెచ్చారు. ఇరవై నిమిషాలు. పరుగు, తొడ వెనక కండరాలకి బలం, ఒంటికాలి మీద బ్యాలెన్స్, దూకి మెత్తగా దిగడం. నార్వేలో అమ్మాయిల జట్ల మీద చేసిన పరిశోధన 2008లో వచ్చింది. ఆ వార్మప్ చేసిన జట్లలో తీవ్రమైన గాయాలు బాగా తగ్గాయి. దీనికి మెషీన్లు అక్కర్లేదు. నందికొట్కూరు మట్టి గ్రౌండ్ చాలు.

భంగిమ సంగతి కూడా చెప్పి ముగిస్తా. "నిటారుగా నిలబడు" అని మనకి చిన్నప్పటి నుంచీ చెప్తారు. నాలాంటోడు నిటారుగా అంటే మోకాలిని వెనక్కి లాక్ చేసి నిలబడతాడు. అప్పుడు కండరం పని చెయ్యదు, బరువంతా లిగమెంట్ మీద వేలాడుతుంది. నాకు నేర్పింది ఒకటే. మోకాలిని ఒక్క పిసరు వదులు చెయ్, తొడ బిగించు. మొదటి నెల వంకరగా నిలబడ్డట్టు అనిపించింది. తర్వాత అదే తిన్నగా అనిపించింది. ఫోన్ పట్టుకుని గంటలు గంటలు ఒకే తీరులో కూర్చున్నా అంతే. తప్పు భంగిమ కంటే కదలని భంగిమే ఎక్కువ ఇబ్బంది పెడుతుంది.

పోయిన సంక్రాంతికి ఊరెళ్తే గ్రౌండ్‌లో ఒక అమ్మాయి కనిపించింది. ఎనిమిదో, తొమ్మిదో చదువుతుంటుంది. ఖోఖో ఆడుతోంది. చుట్టూ పిల్లలు. బొటనవేలు ముంజేతికి ఆనించి చూపిస్తోంది. "అన్నా, నువ్వు చెయ్యగలవా?" అంది. చేసి చూపించాను. అందరూ అరిచారు. "ఇది మనిద్దరి దగ్గరే ఉంది. రోజూ చూపించకు, దాచుకో" అన్నాను. తర్వాత ఒంటికాలి మీద నిలబడి అర నిమిషం ఊగకుండా ఉండమన్నాను. పది సెకన్లకే ఊగిపోయింది. నవ్వేసింది. "రేపు పదిహేను చెయ్" అన్నాను.

ఆమెకి చెప్పిందే మీకూ చెప్తున్నా. మోకాలు వాచినా, మధ్యలో ఇరుక్కుపోయినా, నడుస్తుంటే జారినట్టు అనిపించినా సాగదీసుకుంటూ కూర్చోకండి. డాక్టర్‌కో, ఫిజియోకో చూపించండి. మీ స్కోరు ఎంతో కామెంట్‌లో రాయండి. దాంతో పాటు ఒంటికాలి మీద ఎంతసేపు నిలబడ్డారో కూడా రాయండి. నాకు ఆ రెండో నంబరే ముఖ్యం. మళ్లీ కలుద్దాం.