బళ్ళారి నివేదికలో వీధిబడి బోధనపద్ధతి

ఒక బడిలోని బాలురందరు ఒకే వేగముతో నేర్వజాలరు. ఈ భేదమును గుర్తించి బోధింపవలెననుట నవీన విద్యాశాస్త్రము కనుగొన్న సూత్రమని పలువురి తలంపు. కాని మన వీధిబడులలో ఈ పద్ధతి ఆచారముగనే యుండెననుటకు బలమైన ఆధారము కలదు. ఆ ఆచారమెట్టిది, దాని మేర యెంత అను విషయమును విచారించుట ఈ వ్యాసమున కుద్దేశము.

1822 లో మదరాసు గవర్నరు సర్ థామస్ మన్రో రాజధానియందలి పాఠశాలల స్థితిని తెలుపవలసినదని కలెక్టరుల నాదేశించెను. బళ్ళారి కలెక్టరు ఏ. డి. కాంబెల్ 1823 లో పంపిన నివేదిక వీనిలో మిక్కిలి వివరమైనది. ఈతడు 1816 లో తెలుగు వ్యాకరణమును ప్రకటించిన వాడగుటచే బడిలోని భాషాస్థితిని గూర్చి యాతని మాటకు విలువ హెచ్చు. నాటి బళ్ళారి జిల్లాలో అనంతపురము ప్రాంతము కూడ చేరియుండెను. అచట 533 పాఠశాలలును, 6,641 మంది విద్యార్థులును ఉండిరి. అందు తెలుగు బడులు 226, కన్నడ బడులు 235. సగటున ఒక బడికి పన్నెండుగురు మాత్రమే.

బాలుడు మొదట ఇసుకలో వ్రేలితో దిద్ది అక్షరములు నేర్చుచుండెను. పిమ్మట బొగ్గుపొడి పూసిన పలకమీదను, గంజిపెట్టిన గుడ్డతో చేసిన కడితముమీదను బలపముతో వ్రాయుచుండెను. తడిగుడ్డతో తుడిచిన మరల వ్రాయవచ్చును గనుక తప్పు దిద్దుకొనుటకు వ్యయము లేదు. బడిలో సాధారణముగా నాలుగు తరగతు లుండెడివి. క్రింది తరగతుల భారమును కొంతవరకు ముందు చదివిన బాలురు వహింపగా, పై తరగతులను ఉపాధ్యాయుడు స్వయముగా చూచుచుండెను. ఒక తరగతినుండి వేరొక తరగతికి పోవుటకు బాలుని శక్తియు అభివృద్ధియే ప్రమాణములు, సంవత్సరాంతము కాదు. ఇతరులకు బోధించుటచే పెద్ద బాలుర జ్ఞానము స్థిరపడుచుండెనని కాంబెల్ ప్రశంసించెను.

ఈ పద్ధతి ఇంగ్లండునకు పోయిన విధము గమనింపదగినది. 1789 నుండి మదరాసు ఎగ్మూరులోని అనాథబాలుర ఆశ్రమమును నడపిన ఆండ్రూ బెల్, నాటు బడిపిల్లలు ఇసుకలో వ్రాయుట చూచి దానిని తన ఆశ్రమమున ప్రవేశపెట్టెను. బాలురచేతనే బాలురకు చదువు చెప్పించెను. 1797 లో లండనున తన ప్రయోగమును గ్రంథముగా ప్రకటించెను. అచట ఈ పద్ధతి స్వల్పవ్యయముతో వందలకొలది బాలురకు బోధించు సాధనమయ్యెను. పన్నెండుగురిని పేరుపేరున ఎరిగిన ఉపాధ్యాయుని చేతిలోని ఏర్పాటు, వందల సంఖ్యలో పొదుపునకై వాడబడినపుడు దాని స్వభావమే మారెననుట నా అభిప్రాయము.

అయినను వీధిబడిని ఆదర్శముగా కీర్తించుట చరిత్రకారునికి తగదు. బాలురు వల్లించు పద్యములు వ్యవహారభాషకు దూరములగుటచే వారికి అర్థము తెలియకుండెనని కాంబెల్ స్పష్టముగా వ్రాసెను. వేగమున బాలుని భేదము గుర్తింపబడినది గాని అవగాహనమున గుర్తింపబడలేదు. మరియు 6,641 మందిలో బాలికలు 60 మంది మాత్రమే. జిల్లా జనసంఖ్య 9,27,857 కాగా, బడి కెక్కినవారు వెయ్యికి ఏడుగురు.

కావున ఈ నివేదికవలన రెండు విషయములు తేలుచున్నవి. వ్యక్తిభేదమును పాటించు బోధనము మనకు క్రొత్త కాదు. అది చిన్న బడివలనను, వార్షికోత్తీర్ణతా నియమము లేమివలనను సాధ్యమైనది. కాని ఆ శ్రద్ధ బడిలోపలి కొద్దిమందికే దక్కినది. అరుగుమీద కూర్చుండినవాని శక్తిని కొలిచిన ఆ బడి, అరుగెక్కలేనివారిని లెక్కింపలేదు. ఈ రెంటిని కలిపి చూచినప్పుడే వీధిబడి చరిత్ర సమగ్రమగును.